న్యూస్ పోస్టు ఖాళీగా ఉంది

శనివారం పొద్దున ప్రేమకుమారి పెట్టుకున్న పని చెప్పుకోవడానికి కూడా చాలనంత చిన్నది. ఇడ్లీలు పొయ్యి మీద పెట్టి, అవి ఉడికేలోపు గోడ అవతల ఉన్న చర్చి ఆవరణలోకి వెళ్లి, అక్కడి కంప్యూటర్లో తొమ్మిది ఫైళ్లకు పేర్లు మార్చి, తిరిగొచ్చి చట్నీకి తిరగమోత పెట్టుకోవాలి. పావుగంట పని. అయితే నంద్యాలలో పేర్లతో పెట్టుకున్న పని ఏదీ పావుగంటలో తెమిలిన దాఖలా లేదు. పెళ్లిపత్రికలో ఒక్క పేరు రెండో వరుస నుంచి మూడో వరుసకు జారినందుకు అన్నదమ్ములిద్దరు పదకొండేళ్లు మాటల్లేకుండా బతికింది ఆ వీధిలోనే. వాళ్లలో చిన్నవాడి భార్య వడియాలు భలే పెడుతుంది, ఆ సంగతి అలా ఉంచుదాం.

ముందు ఆ గది గురించి చెప్పాలి. చర్చి వెనక వరుసలో అది చివరి గది. ఒకప్పుడు అందులో విందుల అండాలు, గంగాళాలు, గరిటెలు ఉండేవి. ప్రేమకుమారి సంఘం ప్రెసిడెంటు సంజీవయ్యను కాళ్లావేళ్లా బతిమాలి, ఆ పాత్రలన్నీ వరండాలోకి తోయించి, ఎవరో ఇచ్చిన పాత కంప్యూటర్ అక్కడ పెట్టించింది. రెండేళ్లుగా ఇరవైమంది పిల్లలు ఆ ఒక్క కంప్యూటర్ చుట్టూ మూగి నేర్చుకుంటున్నారు. ఈలోగా వరండాలోని అండాలు వానకు తడిసి, ఎండకు ఎండి, దూడలు తన్నగా సొట్టలు పడ్డాయి. 2005లో ఈస్టరు విందుకు పప్పు అండా కారేసరికి సంజీవయ్య తెగేసి చెప్పాడు. "సోమారం సాయంత్రం దాకా చూస్తా. ఆ పాటల పెట్టెను బయటి దేశమోళ్లు తీసుకున్యారా సరే. లేదా, అండాలు లోపలికి, పెట్టె బయటికి."

పాటల పెట్టె అంటే ప్రేమకుమారి తయారుచేసిన ప్రోగ్రామే. నంద్యాల, ఆళ్లగడ్డ సంఘాల్లో పెద్దలు కట్టుకున్న మూడువందల పన్నెండు పాటలు అందులో ఉన్నాయి. నంబరు కొడితే పాట తెర మీద పెద్ద అక్షరాల్లో వస్తుంది. దాన్ని, ప్రపంచంలో ఎవరైనా ఊరికే తీసుకుని వాడుకునే ఒక సీడీలో చేర్చుకోమని ఆమె పంపింది. ఆ సీడీలో వెళ్లే సరుకును పరిశీలించే మనిషి పేరు మత్తియాస్, ఉండేది ఎక్కడో జర్మనీలో. అతను మర్యాదస్తుడే గానీ పేర్ల దగ్గర మహా పట్టింపు. ఏ ఇంటి వంటగదిలోకి వెళ్లినా ఉప్పుడబ్బా మీద ఉప్పు అనే రాసి ఉండాలి, అప్పుడే కొత్తవాళ్లు కూడా తడుముకోకుండా వంట చేయగలరన్నది అతని వాదం. ప్రోగ్రాముతో పాటు వెళ్లే కాగితాలకూ అంతేనట. ఇది ఏమిటో చెప్పేది రీడ్‌మీ. రాసినవాళ్ల పేర్లు ఉండేది ఆథర్స్. సాయం చేసినవాళ్లది థ్యాంక్స్. ఇంకా చేయాల్సిన పనులది టూడూ. కొత్తగా ఏం మారిందో చెప్పేది న్యూస్. అన్నీ ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఉండాలి. మధ్యలో ఖాళీ ఉండకూడదు, చివర చుక్క పెట్టి తగిలించే తోక ఉండకూడదు. సోమవారం సాయంత్రంతో ఈసారి సీడీకి తలుపులు మూసేస్తారు, మళ్లీ తెరిచేది ఏడాదిన్నరకు.

ప్రేమకుమారి ప్రోగ్రాముతో పాటు పంపినవేమో 'సంజీవయ్య గారి తొలిపలుకు', 'అబ్రహాము గారి దీవెన', 'దేవదానం గారి రెండు మాటలు' అంటూ తొమ్మిది ఫైళ్లు. ఆమె తప్పేమీ లేదు. ఆ సంఘంలో క్యాలెండరు అచ్చువేసినా తొమ్మిదిమంది పెద్దల తొలిపలుకులు లేనిదే ప్రెస్సుకు వెళ్లదు.

ఇడ్లీలు ఉడుకుతుండగా ఆమె చకచకా పని కానిచ్చింది. పాటల పెట్టె గురించి వివరంగా రాసింది మామ దేవదానం కాబట్టి ఆ వ్యాసాన్ని రీడ్‌మీ చేసింది. పాటల్లో సగం కట్టింది ఆళ్లగడ్డ అబ్రహాము తాత కాబట్టి ఆయన పేరు ఆథర్స్‌లో చేరింది. సంజీవయ్యతో సహా మిగతా ఏడుగురూ థ్యాంక్స్‌లోకి వెళ్లారు. టూడూలో పది పనులు రాసింది. మొదటిసారే కాబట్టి న్యూస్‌లో రాయడానికి ఏమీ లేదు. తెర మీద చూస్తే తప్పులు కనబడవని ఐదు పేర్లూ, వాటి కింద మనుషుల పేర్లూ ఒక కాగితం మీద అచ్చుతీసి, న్యూస్ ఎదురుగా 'ఖాళీ' అని పెన్నుతో రాసుకుంది. అంతలో గోడ అవతలి నుంచి ఇడ్లీ గిన్నె అడుగంటిన వాసన వచ్చింది. కాగితం బల్ల మీదే వదిలేసి పరుగెత్తింది.

అదే ఆమె చేసిన తప్పు. దేవదానం సంఘానికి సెక్రటరీ. ఇరవై రెండేళ్లుగా ఆయన పద్ధతి ఒకటే. చర్చి ఆవరణలో పేర్లున్న కాగితం ఏది కనబడినా నోటీసు బోర్డుకు గుచ్చుతాడు. పైగా ఈ కాగితంలో మొట్టమొదటి పేరు ఆయనదే. నాలుగు మూలలా నాలుగు పిన్నులు గుచ్చి, దూరంగా నిలబడి రెండుసార్లు చదువుకుని, ఆ సంతోషం పట్టలేక వీధి చివరి ఎస్‌టీడీ బూత్‌కి వెళ్లి ఆళ్లగడ్డలో అబ్రహాముకు ఫోను చేశాడు. "అన్నా, కొత్త కమిటీ ఏసినారు. నేను రీడ్‌మీ. నువ్వు నా తర్వాత, ఆథర్స్."

తొమ్మిదిన్నరకు సంజీవయ్య వచ్చాడు. వచ్చేసరికి ప్రేమకుమారి మాడిన గిన్నె తోముతోంది.

"ఏందమ్మీ ఇది, పద్దెనిమిదేండ్లు ప్రెసిడెంటుగా ఉండా. నన్ను తీస్కపోయి థ్యాంక్స్‌లో ఏస్తివే."

"కూర్చో పెదనాయనా. అది పోస్టు కాదు, ఫైలు పేరు."

"ఫైలా? ఫైలుంటే ఫైలుకొక ఆఫీసరు ఉంటాడు. నాకు తెల్దా? తాలూకాఫీసులో పనిచేసినోణ్ని."

థ్యాంక్స్ అనే మాటకు సంజీవయ్యకు అంత నొప్పి ఎందుకో ప్రేమకుమారికి బాగా తెలుసు. ఎన్ని సభలు చూడలేదు? వందన సమర్పణ అనగానే జనం చెప్పులు వెతుక్కుంటారు. ఆ చెప్పేవాడు ఖాళీ కుర్చీలకు దండాలు పెట్టి, భోజనాల దగ్గరికి వెళ్లేసరికి కూర అయిపోయి ఉంటుంది. అలాంటి పదవికి ప్రెసిడెంటును, అదీ ఏడుగురిలో ఒకడిగా పంపితే ఎవరికైనా మండుతుంది.

"నువ్వనుకునేది కాదు పెదనాయనా. సాయం చేసినోళ్ల పేర్లు దాంట్లో రాస్తారు, అంతే."

"మరి ఆ మొదటిది?"

"రీడ్‌మీనా? అది అందరూ మొదట చదవాల్సింది."

ఈ మాట అనకుండా ఉంటే బాగుండేదని ఆమెకు అన్న మరుక్షణమే తెలిసింది. సంజీవయ్య నెమ్మదిగా తల ఊపాడు.

"ఓహో. అందరూ మొదట చదవాల్సింది మీ మామను. ఇంట్లో మనిషి కదా." ఒక్కసారి గొంతు తగ్గించి, "ఆ న్యూస్ పోస్టు ఎప్పుట్నుంచి ఖాళీగా ఉండాది?" అని అడిగాడు.

ఆ ప్రశ్న పక్కింటి పెరట్లో బట్టలు ఆరేస్తున్న ఏసమ్మ చెవిన పడింది. స్త్రీల కూటమికి ఆమె పెద్ద. నంద్యాలలో ఎవరింట్లో ఏ పూట ఏం వండారో చెప్పగల మనిషి. తడిచీర భుజాన వేసుకునే వచ్చేసింది. "ఐదు పోస్టుల్లో ఆడోళ్లకు ఒగటి గూడా లేదా? ఖాళీ ఉంటే అది మాది. రాసుకోండి."

"ఏసమ్మత్తా, అది పోస్టు..."

"నువ్వు గమ్మునుండు. నీకు తెల్దు. ఖాళీగా పెట్టినామంటే రేపు యా మొగోడో వచ్చి కూర్చుంటాడు."

పన్నెండు గంటలకు ఆళ్లగడ్డ జీపు వచ్చింది. నలుగురు పట్టే చోట తొమ్మిదిమంది, మధ్యలో ఎనభై దాటిన అబ్రహాము, ఒళ్లో మజ్జిగ సీసా. ఆయనకు కోపం లేదు, కానీ వెంట వచ్చినవాళ్లకు ఉంది. పాటలు తమవి, మొదటి స్థానం నంద్యాలదా అని వాళ్ల గొడవ. రీడ్‌మీ ఆళ్లగడ్డకు రావాలి, లేకుంటే పాటలు వెనక్కి ఇచ్చేయాలి. ఇచ్చేయడమంటే ఎలాగో ఎవరికీ తెలియలేదు గానీ మాట మాత్రం గట్టిగానే పడింది.

"తాతా, నువ్వన్నా చెప్పు. ఇవి కాగితాల పేర్లు తాతా," అంది ప్రేమకుమారి.

అబ్రహాము మజ్జిగ ఒక గుటక వేసి ఆలోచించాడు. "కాగితమైతే ఏంలేమ్మా. కానీ ఇంతమంది జీపులో వచ్చినారే. ఊరికే పోతే బాగుండదు."

పెద్దలు వేపచెట్టు కింద బెంచీలు వేసుకున్నారు. భోజనాల వేళకు తీర్మానం అయిపోయింది. ఆదివారం ఆరాధన కాగానే చీటీలతో ఎన్నిక. ఆ ఎన్నిక తేలేదాకా గదిలోకి ఎవరూ వెళ్లకూడదు, వెళితే పేర్లు మార్చేస్తారు. తాళం వేసి చెవి సంజీవయ్య జేబులో పెట్టుకున్నాడు.

ప్రేమకుమారి అతనికి అడ్డం వెళ్లింది. మార్చిన పేర్లు ఇంకా పంపనేలేదు. "పెదనాయనా, పది నిమిషాలు తెరువు. సోమారం దాటితే ఇంగ తీసుకోరు. పిల్లోళ్లు ఏమైపోవల్ల?"

"సోమారం ఉండాది కదా. ఎన్నిక కానీ. పద్ధతి పద్ధతే."

ఆదివారం ప్రసంగం ఎవరూ విన్నట్టు లేదు. ఐదు మట్టి ముంతలు ప్రసంగ వేదిక ముందు వరుసగా పెట్టారు, ఒక్కో ముంతకు ఒక్కో పేరు అంటించారు. ప్రేమకుమారి చివరి ప్రయత్నంగా లేచి, ఏ కాగితంలో ఏముంటుందో విడమరిచి చెప్పింది. దాంతో వ్యవహారం ఇంకా ముదిరింది. టూడూలో పది పనులున్నాయని విన్న దేవదానం రీడ్‌మీ బరిలో నుంచి తప్పుకుని టూడూకు మారాడు.

"ఏంది మామా, నువ్వన్నా నా మాట వినకూడదా?" అని ఆమె వాపోతే, ఆయన చెవి దగ్గర చెప్పాడు. "పని ఉండేకాడే పెత్తనం ఉంటాదమ్మీ. రీడ్‌మీకి ఏముంది, ఊరికే చదివించుకోవల్ల."

రీడ్‌మీకి సంజీవయ్య, అబ్రహాము తలపడ్డారు. నాలుగు ఓట్ల తేడాతో సంజీవయ్య గెలిచాడు. అబ్రహాముకు ఆథర్స్ ఏకగ్రీవం చేసి ఆళ్లగడ్డను చల్లబరిచారు. టూడూ దేవదానానికి. న్యూస్‌కు ఏసమ్మ అరవై ఒక్క ఓట్లతో నెగ్గింది. ఆడవాళ్లంతా ఒక్క మాట మీద నిలబడ్డారు, ఆ పెళ్లిపత్రిక అన్నదమ్ముల భార్యలిద్దరూ కూడా చీటీలు ఒకరికొకరు చూపించుకుని మరీ వేశారు. థ్యాంక్స్‌కు ఎవరూ నిలబడలేదు. ఎలాగూ చివరిదాకా ఉండేది ఆయనే కదా అని పాస్టరుగారికి కట్టబెట్టారు.

అప్పుడే ఆళ్లగడ్డ శిల్పి భీమన్న ట్రాక్టరులో నల్లరాయి పలక దింపించాడు. శనివారం సాయంత్రమే సంజీవయ్య ఫోనులో పేర్లు చదివి చెప్పాడట. దేవుళ్ల బొమ్మలు చెక్కే చేయి, అక్షరాలు కూడా దేవుళ్లలాగే వచ్చాయి. పలక మీద ఐదు ఇంగ్లీషు మాటలు. అన్నీ పెద్ద అక్షరాలే. మధ్యలో ఖాళీ లేదు, చివర తోక లేదు. మత్తియాస్ చూస్తే కంట నీరు పెట్టుకునేవాడు.

"భీమన్నా, అప్పుడే కొట్టేస్తివా?" అంది ప్రేమకుమారి నీరసంగా.

"తలకాయలు కొట్టేసినా. కింద మనుషుల పేర్లు చెప్తే సాయంత్రానికి ముగిస్తా. ఇంగ మార్చేదానికి కాదు తల్లీ, ఇది రాయి."

రాతి మీద ఆఖరి పేరు పడ్డాక, సోమవారం పదకొండు గంటలకు గది తలుపు తెరుచుకుంది. అది కూడా సంజీవయ్య వెంట నడిచి వచ్చి తెరిస్తేనే. వరండాలో కూలీలు అప్పటికే అండాలు తుడిచి సిద్ధంగా పెట్టుకున్నారు. కంప్యూటర్ తెరిచేసరికి మత్తియాస్ ఉత్తరం శనివారం నుంచే ఎదురుచూస్తోంది. ప్రేమకుమారి చదివి, మళ్లీ చదివి, నుదురు కొట్టుకుంది. మీకు పని ఒత్తిడి ఉన్నట్టుంది, మీ తొమ్మిది కాగితాలను ఆ ఐదు పేర్ల కింద నేనే సర్దాను, అంతా సిద్ధం అని రాశాడతను. ఒక్కటే సందేహమట. న్యూస్ కింద పెట్టడానికి మీరు పంపినవాటిలో ఏమీ లేదు. ఖాళీ ఫైలును సీడీలో పెట్టడం నియమాలకు విరుద్ధం. తీసేస్తున్నాను, సరే అని ఒక్క మాట రాయండి.

సరే అని రాయడానికి ఆమె వేలు మీట మీద పెట్టింది. గుమ్మంలో ఏసమ్మ నిలబడి ఉంది, పక్కన స్త్రీల కూటమి వాళ్లు పదిమంది, ఒకామె చేతిలో కనకాంబరాల దండ.

"ఏమంటాండారు ఆ దేశమోళ్లు?"

అబద్ధం చెప్పడం ప్రేమకుమారికి చేతకాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఏసమ్మ ముఖం ముడుచుకుంది.

"అరవై ఒక్క ఓట్లతో గెలిచినా. రాతి మీద కొట్టినారు. యాడనో కూర్చున్నోడు తీసేసేదేంది?"

"తీసెయ్యొద్దంటే ఆయన మొత్తం పక్కన పెట్టేస్తాడు అత్తా. సాయంత్రం దాకే టైము. ఖాళీగా ఉండకూడదంట. దాంట్లో ఏదన్నా వార్త ఉంటే ఉంచుతాడు."

"వార్తా?" ఏసమ్మ కొంగు నడుముకు దోపి కుర్చీ లాక్కుంది. "ముందే చెప్పొద్దా. రాసుకో."

ఆమె చెప్పుకుంటూ పోయింది. అవుకులో ఎవరి నిశ్చితార్థం ఆగిందో, కొలిమిగుండ్ల నుంచి వచ్చిన కొత్త కోడలు పొయ్యి దగ్గరకే పోదన్న సంగతి, పాస్టరుగారి కళ్లజోడు పగలడానికి అసలు కారణం.

"అత్తా, అవి కాదు. పాటల పెట్టెలో ఏం మారిందో అది రాయల్ల."

"ఏం మారల్లనో చెప్పనా? నూట పదకొండో పాటా, రెండొందల నాలుగో పాటా ఒకటే. రెండుసార్లు కొట్టినావు. ముప్పై ఏడులో రెండో చరణం లేనేలేదు. తొంభైలో అబ్రహామన్న పల్లవి ఎవరిదో పాటకు తగిలించినావు. బడి పిల్లోళ్లు పాడతాంటే నవ్వొచ్చి సచ్చినాము. ఆర్నెల్లుగా చెప్తాండా, ఎవరు విన్యారు?"

ప్రేమకుమారి ఆ పాటలు తెరిచి చూసింది. నూట పదకొండూ, రెండువందల నాలుగూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. పాటలన్నీ ఏసమ్మ తలలో ఉన్నాయి, ఒక్క వరుస తప్పినా ఆమెకు రాయి తగిలినట్టు తగులుతుంది. మూడు గంటల వరకూ ఆమె చెబుతుంటే ఈమె దిద్దింది. వరండాలో కూలీలు అండాల మీదే కూర్చుని విన్నారు. మొత్తం పంతొమ్మిది తప్పులు. పంతొమ్మిదీ సరిచేసి, ఏవేవి మారాయో న్యూస్‌లో వరుసగా రాసి, నాలుగు గంటలకు పంపింది. ఫోను లైను రెండుసార్లు తెగింది. మూడోసారి వెళ్లింది.

అయిదుంబావుకు జవాబు వచ్చింది. తీసుకున్నారు. ఇంత శ్రద్ధగా రాసిన న్యూస్ తాను ఈ ఏడాది ఇంకొకటి చూడలేదని, రాసినవారికి తన నమస్కారాలు చెప్పమని కూడా రాశాడు మత్తియాస్. కనకాంబరాల దండ ఏసమ్మ మెడలో పడింది. సంజీవయ్య ఉత్తరాన్ని ఒకటికి రెండుసార్లు చదివించుకుని విన్నాడు. రీడ్‌మీ గురించి ఏమీ రాయలేదేమని ఒకసారి అడిగి, తర్వాత కూలీలను ఇంటికి పొమ్మన్నాడు. అండాలు వరండాలోనే ఉండిపోయాయి. గది దక్కింది. రేపు పొద్దున రమ్మని ప్రేమకుమారి పిల్లలకు కబురు పెట్టింది.

మంగళవారం పొద్దున ఆమె పిల్లలను తీసుకుని వెళ్లేసరికి గదిలో ఐదు కుర్చీలు వేసి ఉన్నాయి. మధ్యలో బల్ల, బల్ల మీద పూల గుడ్డ, గాజు కూజా. కంప్యూటర్ కిటికీ పక్కన మూలకు జరిగి ఉంది, దాని మీద కూడా ఒక గుడ్డ కప్పారు. గోడకు నల్లరాయి ఆనించి ఉంది.

"ఏంది మామా ఇది?"

టూడూ హోదాలో దేవదానం గొంతు సవరించుకుని చెప్పాడు. "పోస్టులు ఏర్పడినాక ఆఫీసు ఉండొద్దామ్మీ? సోమ, బుధ, శుక్రవారాలు మీటింగులు. మంగళారం ఆళ్లగడ్డోళ్లు వస్తారు. బేస్తవారం సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా పిల్లోళ్లకు ఇడిసిపెడ్తాండాము. తీర్మానం రాసినాము, చూడు."

తీర్మానంలో ఇంకొక వాక్యం కూడా ఉంది. ఆనాటి నుంచి ప్రేమకుమారి తన కంప్యూటర్ ముట్టుకోవాలంటే రీడ్‌మీ గారి సంతకం కావాలి.